ఇంటి మనిషిని అడగని ప్రశ్న

పోయినవారం మనం మెటికలమ్మని ఆమె సొంత క్లినిక్‌లోనే, ఆడపడుచు ముఖంలోకి చూస్తూ నోట మాట రాకుండా నిలబెట్టి వచ్చేశాం. పాపం, వారం రోజులుగా అలాగే నిలబడి ఉంది. కొత్తగా చేరినవాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెప్తాను, పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

మెటికలమ్మ అన్నది వీధి పెట్టిన పేరు. ఆవిడ చేసేది కైరోప్రాక్టిక్. మందూ మాత్రా సూదీ లేకుండా, వెన్నుపూసల్ని చేతులతోనే నొక్కి, తిప్పి, పట్టేసిన నడుముల్నీ మెడల్నీ వదిలించే వైద్యం. ఆవిడ చేతికింద టక్కుమని చప్పుడు వస్తుంది, బల్లమీద బోర్లా పడుకున్న మనిషి "అమ్మయ్య" అంటాడు. బయట కుర్చీల్లో కూర్చున్నవాళ్ళకి వినబడేది ఆ రెండే కాబట్టి ఆ పేరు వచ్చింది. కింద క్లినిక్, మేడమీద ఇల్లు. కౌంటరు దగ్గర కూర్చుని పేర్లు పిలిచేది మొగుడుగారు. క్లినిక్ పక్కగదికి రంగులు వేస్తున్నది ఆయన చెల్లెలు. ఆ పిల్ల వృత్తే అది. క్షణం నోరు మూయదని ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. పైకప్పుకి రంగు వేసి వేసి మెడ పట్టేసిందని పొద్దున్న వచ్చి బల్లమీద కూర్చుంటే, వదినగారు కాఫీ చల్లారేలోపు ఆ మెడని అటొకసారి ఇటొకసారి తిప్పి పంపేసింది. మధ్యాహ్నం పిచ్చుక నిచ్చెన దిగి వచ్చి గోడ పట్టుకుని నిలబడింది.

"వదినా, గది తిరుగుతోంది" అంది. ఎడమ కనురెప్ప సగానికి వాలిపోయి ఉంది.

ఆ రెప్పని చూసేసరికి మెటికలమ్మకి పై ప్రాణాలు పైనే పోయాయి.

"రంగు వాసన తలకెక్కినట్టుంది" అన్నాడు మొగుడు, కౌంటరు వెనకనుంచి లేవకుండానే. "కిటికీలు తీయండి, అదే తగ్గుతుంది."

"పొద్దుటినుంచి ఏమైనా తింటేగా" అంటూ అత్తగారు మేడమీంచి దిగివచ్చింది. కూతురి భుజం పట్టుకుని బల్లమీద కూర్చోబెట్టింది. పిచ్చుకకి అప్పుడే ఎక్కిళ్ళు మొదలయ్యాయి. ఒకటి, వెంటనే ఇంకొకటి.

"ఎవరో తలుచుకుంటున్నారే నిన్ను. కాసిని నీళ్ళు తాగు."

"అత్తయ్యా, నీళ్ళు పట్టకండి" అంది మెటికలమ్మ. కానీ ఆ మాట ఆవిడ గొంతులోంచి బయటికి వచ్చేసరికి గ్లాసు పిచ్చుక పెదాల దగ్గర ఉంది. ఒక్క గుక్క. అది లోపలికి వెళ్ళలేదు. ముక్కులోంచి బయటికి వచ్చింది. పిచ్చుక దగ్గి దగ్గి, కళ్ళనిండా నీళ్ళతో తలెత్తి ఏదో చెప్పబోయింది. వచ్చిన గొంతు పిచ్చుకది కాదు. బొంగురుగా, ఎవరో ముసలివాళ్ళ గొంతులా ఉంది.

అత్తగారు గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయింది. మొగుడు మొదటిసారి కుర్చీలోంచి లేచాడు.

మెటికలమ్మ ఫోను తీసి అంబులెన్సుకి చేసింది. అడ్రసు చెప్తుంటే తమ వీధి పేరే ఒక్క క్షణం గుర్తురాలేదు. తర్వాత పిచ్చుకని పక్కకి తిప్పి పడుకోబెట్టింది. అలా పడుకోబెట్టడానికి మెడ కింద చెయ్యి పెట్టాల్సి వచ్చింది. ఇన్నేళ్ళలో ఎన్ని మెడలు పట్టుకుందో ఆవిడకే లెక్కలేదు. ఒక మెడని తాకడానికి భయపడటం మాత్రం ఇదే మొదటిసారి.

ఆవిడకి తెలిసిన సంగతి ఆ గదిలో ఇంకెవరికీ తెలియదు. మెడ ఎముకలకి రెండు పక్కలా చిన్న చిన్న కన్నాలుంటాయి. వాటిలోంచి రెండు రక్తనాళాలు పైకి, మెదడుకి ఎక్కుతాయి. ఏ కారణం చేతనో ఆ నాళం లోపలి పొర చిరిగితే అక్కడ రక్తం గడ్డ కట్టొచ్చు. ఆ గడ్డ మెదడులోకి వెళ్ళిందా, రెప్ప వాలిపోవడం, గది తిరగడం, ఎక్కిళ్ళు, మింగలేకపోవడం, అన్నీ వరసగా వస్తాయి. చాలా అరుదు. ఏళ్ళ తరబడి మెడలు చూసినవాళ్ళలో కూడా చాలామందికి ఒక్కటీ ఎదురుకాదు. ఎదురైతే మాత్రం దేవుడే దిక్కు.

అందుకే ఆవిడకో పద్ధతి ఉంది. ఎవరి మెడ మీదైనా చెయ్యి వేసే ముందు వరసగా అడుగుతుంది. కళ్ళు తిరుగుతున్నాయా? ఒక వస్తువు రెండుగా కనిపిస్తోందా? మింగడం కష్టంగా ఉందా? ముఖం ఎక్కడైనా మొద్దుబారిందా? ఈమధ్య ఎక్కడైనా పడ్డారా? ఇంకెవరైనా మీ మెడ తిప్పారా? ఇది ఇంతకుముందు ఎప్పుడూ లేని కొత్తరకం నొప్పా? చెప్పుల షాపాయన "పోయినవారమే కదండీ ఇవన్నీ అడిగారు" అని విసుక్కుంటే, "పోయినవారం మెడ వేరు, ఈవారం మెడ వేరు" అనేది. ఆ ప్రశ్నలకి జవాబు చెప్పకుండా బల్లెక్కినవాడు లేడు, ఇంట్లోవాళ్ళు తప్ప.

ఇంట్లోవాళ్ళని ఏమడుగుతాం? పొద్దున్న లేస్తే ముఖం చూసే మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, మీకు మింగడం కష్టంగా ఉందా అని అడిగితే నవ్వరూ? మనకి తెలియనిది వాళ్ళ దగ్గర ఏముంటుందిలే అనుకుంటాం. ఇన్నేళ్ళ జాగ్రత్త మనిషి కూడా అదే అనుకుంది.

పొద్దున్న పిచ్చుక బల్లమీద కూర్చుని కాళ్ళూపుకుంటూ, "ఈ నొప్పి కొత్తగా ఉంది వదినా, ఒక్క పక్కనే, లోపల ఎవరో బట్ట చింపుతున్నట్టు" అంది. అదే మాట దారినపోయే మనిషి అని ఉంటే మెటికలమ్మ చేతులు వెనక్కి తీసుకుని ఆస్పత్రికి పంపేసేది. ఆడపడుచు అంది కాబట్టి, "రోజంతా పైకప్పు చూస్తూ పనిచేస్తే అంతేనే" అని నవ్వి, గడ్డం కింద చెయ్యి వేసి తిప్పేసింది. ఇప్పుడా నవ్వు గుర్తొచ్చి ఆవిడకి తన మీద తనకే అసహ్యం వేసింది.

అంబులెన్సు వచ్చేలోపు మొగుడు ఆవిడని కౌంటరు పక్కకి పిలిచాడు. గొంతు తగ్గించాడు.

"ఆస్పత్రిలో మెడ సంగతి ఎత్తకు."

"ఎందుకు?"

"ఎందుకేంటి? ఎత్తావంటే సాయంత్రానికి మన బోర్డు దించేస్తారు. అసలే ఇది వైద్యమే కాదనేవాళ్ళు బోలెడుమంది. రంగు వాసనకి కళ్ళు తిరిగాయని చెప్తే సరిపోతుంది."

"అలా చెప్తే తలకి మాత్రమే స్కాన్ తీస్తారు. మెడ చూడరు. చూడకపోతే..."

"నువ్వు తిప్పడం వల్లే అయిందని నీకెలా తెలుసు? లోపల ఏమైందో నువ్వేమైనా వెళ్ళి చూశావా?"

"తెలీదు. నేను తిప్పానని మాత్రం తెలుసు."

"అది నా చెల్లెలు" అన్నాడాయన. "నాకు లేదనుకుంటున్నావా భయం? నీ మంచికోసమే చెప్తున్నా."

ఆయన నుదుటిమీద చెమటలు పట్టాయి. చెల్లెలి కోసం, నా కోసం భయపడుతున్నాడని మెటికలమ్మ అనుకుంది. మనసు మెత్తబడింది కూడా.

ఆస్పత్రిలో అత్యవసర విభాగం. తెర లాగిన మంచం. పిచ్చుకకి గొట్టాలూ తీగలూ తగిలిస్తున్నారు. డాక్టరు చిన్న వయసావిడ, కళ్ళకింద నల్లగా నిద్రలేమి.

"ఎలా మొదలైంది?" అని అడిగింది, పిచ్చుక కళ్ళలోకి లైటు వేసి చూస్తూ.

మెటికలమ్మ నోరు తెరిచేలోపు మొగుడు అందుకున్నాడు. "పెయింటింగు పని చేస్తుందండీ. గదిలో గాలి ఆడదు. పొద్దుటినుంచి ఆ వాసనలోనే ఉంది, తిండి కూడా తినలేదు."

"ఇంకేమైనా?"

"ఇంకేం లేదండీ."

డాక్టరు తలూపింది. "సరే, ముందు తల స్కాన్‌కి పంపుదాం" అని నర్సుతో అంటోంది.

నేను మెటికలమ్మని వెనకేసుకురాదలచుకోలేదు. ఆవిడ అప్పుడు నోరు మూసుకునే ఉంది. మొగుడి చెయ్యి ఆవిడ మణికట్టు మీద ఉంది. గట్టిగా ఏమీ పట్టుకోలేదు, ఊరికే ఉంచాడు. ఆవిడ కళ్ళముందు బోర్డు కనిపించింది, దించిన బోర్డు. చెప్పుల షాపాయన ఆగి ఆగి చూస్తూ వెళ్ళడం కనిపించింది. తలకి స్కాన్ తీస్తే అందులోనే ఏదో ఒకటి దొరుకుతుందిలే, తర్వాత వాళ్ళే మెడ కూడా చూస్తారులే అనిపించింది. భయం మనిషి చేత ఎన్ని సాకులు చెప్పిస్తుందో ఆ కాసేపట్లో ఆవిడ అన్నీ చెప్పేసుకుంది. నర్సు మంచం చక్రాల బ్రేకు తీసింది. మంచం కదిలింది.

మంచం మీద పిచ్చుక వాలని కంటితో వదిననే చూస్తోంది. ఏమీ అడగడం లేదు. ఈ గదిలో తన వొంటి సంగతి బాగా తెలిసిన మనిషి వదినేనని ఆ పిల్ల నమ్మకం.

"డాక్టర్ గారూ" అంది మెటికలమ్మ. మణికట్టు విడిపించుకుంది. "మెడకి కూడా స్కాన్ తీయించండి. నేను కైరోప్రాక్టర్ని. పొద్దున్న ఈ అమ్మాయి మెడ నేనే తిప్పాను. రెండు పక్కలా. అప్పటికే ఒక పక్క కొత్తరకం నొప్పి ఉందని చెప్పింది. నేను పట్టించుకోలేదు."

డాక్టరు తిట్టలేదు. ఒక్కసారి ఆవిడ వైపు, ఒక్కసారి ఆయన వైపు చూసి, "మంచం ఆపండి" అంది. తర్వాత గబగబా ఫోను చేసి, మెడ నాళాలు కూడా చూడాలని ఎవరికో చెప్పింది. మంచం ఈసారి ఇందాకటి కంటే వేగంగా వెళ్ళింది.

"సంతోషమా?" అన్నాడు మొగుడు. ముఖం పాలిపోయి ఉంది.

ఆవిడ మంచం వెళ్ళిన వైపే చూస్తోంది.

"సాయంత్రం వచ్చేవాళ్ళకి ఎవరో ఒకళ్ళు చెప్పొద్దా? తలుపులు బార్లా తీసి వచ్చాం. వాళ్ళని పంపించేసి వస్తాను." ఆవిడ జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు.

వరండాలో బెంచీ మీద అత్తగారు కూర్చుని ఉంది. మాటలన్నీ తెర ఇవతలనుంచి విన్నది. మెటికలమ్మ పక్కన కూర్చోవాలో వద్దో తెలియక నిలబడింది.

"కూర్చో" అంది అత్తగారు.

కూర్చుంది.

"దానికేమైనా అయితే నిన్ను జన్మలో క్షమించను."

"సరే అత్తయ్యా."

"నీకు భయమెయ్యలేదూ అలా చెప్పడానికి?"

"ఇప్పటికీ వేస్తోంది."

అత్తగారు కొంగుతో ముఖం తుడుచుకుంది. "అబద్ధం చెప్పి ఉంటే నోరారా తిట్టుకునేదాన్ని. ఇప్పుడు ఆ అవకాశం కూడా లేకుండా చేశావు" అంది. ఎదురుగోడ మీద పొగ తాగరాదు అన్న బోర్డుని మెటికలమ్మ ఎన్నిసార్లు చదివిందో.

డాక్టరు వచ్చి ఆవిడని పక్కకి పిలిచింది.

"మీరు చెప్పడం మంచిదయింది. తల స్కాన్‌లో ఇంకా పెద్దగా ఏమీ తేలలేదు. అది చూసి ఇంటికి పంపేసేవాళ్ళమేమో. మెడలో ఎడమపక్క నాళం చిరిగింది. గడ్డ పెరగకుండా మందు మొదలుపెట్టాం. రాత్రి గడిస్తేగానీ ఏ సంగతీ చెప్పలేను."

మెటికలమ్మ గోడకి ఆనుకుంది.

"ఇంకో విషయం" అంది డాక్టరు. "చిరుగు ఒక చోట కాదు, రెండు చోట్ల ఉంది. ఒకటి కొత్తది. రెండోది ఇవాళ్టిది కాదు. నాళం గోడలో పేరుకున్న రక్తం స్కాన్‌లో కనబడే తీరుని బట్టి, అది కొద్దిరోజుల కిందటిది. ఇంతకుముందు కూడా మీరు తిప్పారా?"

"లేదు. ఇవాళే."

"ఎక్కడైనా పడిందా? ఇంకెవరి దగ్గరికైనా వెళ్ళిందా?"

"ఇంకెవరి దగ్గరికి వెళ్తుంది, నేనుండగా?"

మొదట మెటికలమ్మకి కలిగింది ఊరట. దాచడమెందుకు, ఊరటే. మొదట చింపింది నా చేతులు కావన్నమాట అని గుండెలమీంచి బరువు దిగింది. అంతలోనే సిగ్గుపడింది. చిరిగి ఉన్న నాళాన్నే తను పట్టుకుని తిప్పింది. ఒక్క ప్రశ్న అడిగి ఉంటే తిప్పేది కాదు.

"ఒక్క నిమిషం మాట్లాడనిస్తాను, అడిగి చూడండి. ఎక్కువ మాట్లాడించకండి" అంది డాక్టరు.

లోపల చల్లగా ఉంది. పిచ్చుక ముఖం ఒక పక్క కదలడం లేదు. మెటికలమ్మ మంచం పక్కన వంగి, పొద్దున్న అడగాల్సింది అప్పుడడిగింది.

"ఇవాళ కాకుండా, ఈమధ్య ఎవరైనా నీ మెడ తిప్పారా?"

పిచ్చుక తలుపు వైపు చూసింది. బొంగురు గొంతుతో, ఎక్కిళ్ళ మధ్య, "కోప్పడనంటే చెప్తా" అంది.

"కోప్పడను తల్లీ."

"అన్నయ్య."

మెటికలమ్మకి ముందు అర్థం కాలేదు. "ఏ అన్నయ్య?"

"ఎంతమందున్నారు నాకు?" అంది పిచ్చుక. నవ్వబోయింది, ముఖం సహకరించలేదు. "పోయిన ఆదివారం నువ్వు మీ అమ్మగారింటికి వెళ్ళావు చూడు, అప్పుడు. రోజూ చూస్తూనే ఉన్నాగా, నాకూ వచ్చు అన్నాడు. టక్కుమంది. ఆ మర్నాటినుంచే ఈ నొప్పి. నీకు చెప్పొద్దన్నాడు."

"పొద్దున్న బల్లమీద కూర్చున్నప్పుడైనా చెప్పొచ్చు కదే."

"నువ్వు అడగలేదుగా వదినా."

మెటికలమ్మ మంచం ఊచని పట్టుకుంది. పిచ్చుక అలసిపోయి కళ్ళు మూసుకుంది. అక్కడితో ఆగిందనుకుంటే, పిచ్చుక కదా, ఆగలేదు.

"నాకొక్కదానికే కాదు. నేను వెళ్ళేసరికి బల్ల ఖాళీగా లేదు. బయట కూడా కూర్చుని ఉన్నారు. నువ్వు ఊళ్ళో లేనప్పుడల్లా వస్తారట. అందరూ డాక్టరు గారూ అంటున్నారు. నువ్వైతే కాదండీ అని దిద్దుతావు. అన్నయ్య దిద్దలేదు."

నర్సు వచ్చి చాలంది.

కౌంటరు పక్కన ఆ చెమటలు ఎవరి కోసం పట్టాయో మెటికలమ్మకి అప్పుడు తెలిసింది. బయట వీధుల్లో ఎంతమంది తిరుగుతున్నారు? ఎవరికి పొద్దున్న లేవగానే కళ్ళు తిరిగాయి? ఎవరు గ్లాసుడు నీళ్ళు తాగి పడుకున్నారు? వాళ్ళ పేర్లు కూడా తనకి తెలియవు. పేర్లు పిలిచేది ఆయనే కదా.

ఇంకో ఆలోచన వెనకే వచ్చింది. సాయంత్రం పేషంట్లని పంపించేసి వస్తానని వెళ్ళిన మనిషి ఇంకా రాలేదు.

వరండాలోకి వచ్చి క్లినిక్‌కి ఫోను చేసింది. మోగింది, మోగింది. ఇక ఎత్తరనుకునేసరికి ఎత్తారు.

"ఒక్క నిమిషం లైన్లో ఉండండి, లోపల పేషంటున్నారు" అన్నాడు మొగుడు. ఎవరని అడగలేదు. రిసీవరు కౌంటరు మీద పెట్టిన చప్పుడు. పేషంటుండగా ఫోనొస్తే ఆయన చేసేది ఎప్పుడూ అదే.

"ఏవండీ, నేను. వినండి. ఎవర్నీ ముట్టుకోకండి" అంది. వరండాలో వాళ్ళంతా తలతిప్పి చూసేంత గట్టిగా అంది. అవతల వినే చెవి లేదు. కౌంటరుకీ బల్లకీ మధ్య ఒక చెక్క అడ్డు, అంతే. అక్కడి మాటలు మాత్రం ఆవిడకి స్పష్టంగా వినిపిస్తున్నాయి.

బల్లమీద కొత్త కాగితం పరిచిన చప్పుడు. తర్వాత ఒక ముసలి గొంతు, ఎవరిదో పోల్చుకోలేకపోయింది.

"అమ్మగారైతే ముందు ఏవో ప్రశ్నలడుగుతారండీ."

"అవన్నీ ఆవిడ చాదస్తం లెండి. పడుకోండి."

"అది కాదండీ. ఎప్పుడూ లేదనే చెప్పేవాణ్ణి. ఇవాళ నిజంగానే పొద్దుటినుంచి కాస్త కళ్ళు తిరుగుతున్నాయి."

"కళ్ళు మూసుకోండి" అన్నాడు మొగుడు, ఎంతో నెమ్మదిగా. "మెడ వదిలితే అదే సర్దుకుంటుంది."